వెయ్యిన్నీ నలభై ఏడో నంబరు

ఎరాస్టస్ లీమింగ్ గారు బూజుల్లో మహా పండితుడు. ఈ మాట నేనంటున్నది కాదు, ఆయన సంపుటాల మొదటి పేజీలో అచ్చయి ఉంది. ఆ పేజీ రాసిచ్చింది ఆయనేననుకోండి, అది వేరే సంగతి. న్యూజెర్సీలో పైన్ అడవుల అంచున, ఇసక నేలలో, పద్నాలుగు గడపల ఊరు. అందులో పదమూడు గడపలవాళ్ళు బూజు కనిపిస్తే చీపురు తీసుకుని దులిపేసేవాళ్ళు. పద్నాలుగో గడపలో మాత్రం దానికి లాటిన్లో పేరు పెట్టి, నంబరు వేసి, ఎండబెట్టి, లండన్ దాకా పారిస్ దాకా పంపేవారు.

పంపేవారు అని గౌరవంగా అన్నాను గానీ, పంపేది ఆయన భార్య డోర్కస్.

ఆ పని ఎలా ఉండేదో చెప్తాను. పుట్టగొడుగుల దగ్గర్నుంచి ఆకు తెగుళ్ళ దాకా ఆయన లెక్కలో అన్నీ బూజులే. అడవిలో పుచ్చిన దుంగల మీదా, కుళ్ళిన ఆకుల మీదా చిన్న గొడుగో, మచ్చో, బొడిపో కనిపిస్తే జాగ్రత్తగా కోసి తేవాలి. ఆరబెట్టాలి. దాన్ని నలభై ముక్కలు చెయ్యాలి, ఎందుకంటే ప్రతి సంపుటమూ నలభై ప్రతులు. సంపుటానికి వంద రకాలు. లెక్క వేసుకోండి, నాలుగు వేల ముక్కలు. ఒక్కో ముక్కనీ కాగితానికి అంటించాలి, దాని కింద పేరూ నంబరూ అచ్చేసిన చీటీ అంటించాలి, వంద కాగితాలనీ వరసపెట్టి సూదీ దారంతో కుట్టాలి. జిగురు మైదాపిండితో కాచాలి, అందులో పటిక వెయ్యాలి. పటిక తగ్గిందంటే బూజుకే బూజు పడుతుంది. ఇరవై ఏళ్ళలో పది సంపుటాలు వచ్చాయి. నలభై వేల ముక్కలు డోర్కస్ చేతివేళ్ళ మీదుగా వెళ్ళాయి. పేర్లు పెట్టడం ఎరాస్టస్ వంతు. అది ఒళ్ళు హూనమయ్యే పని కాబట్టి మధ్యాహ్నం భోజనం కాగానే మొహం మీద పేపరు కప్పుకుని ఆయన రెండు గంటలు పడుకోక తప్పేది కాదు.

అడవికి వెళ్ళడం కూడా కొన్నేళ్ళుగా ఆవిడకే వచ్చింది. పాపం ఆయనకి మోకాళ్ళు పట్టేసేవి. ఆ మోకాళ్ళు కూడా ఎంత తెలివైనవంటే, అడవికి బయల్దేరే వేళకి పట్టేసి, పోస్టాఫీసుకి బయల్దేరే వేళకి వదిలేసేవి. చీటీల మీద మాత్రం ‘సేకరించినది: ఇ. లీమింగ్’ అనే ఉండేది.

ఇక పేర్ల సంగతి. కొత్త రకం దొరికితే దానికి ఎవరో ఒక పెద్దమనిషి పేరు పెట్టి సత్కరించడం ఈ బూజు పండితుల ఆచారం. ఆ సత్కారాలు చెయ్యడంలో ఎరాస్టస్‌ది ఎముకలేని చెయ్యి. ఉత్తరాలు తొందరగా రావాలని పోస్టుమాస్టరుకి ఒక పసుపు బూజు ఇచ్చాడు. బిషప్పుగారికి ద్రాక్షాకు తెగులు ఒకటి సమర్పించాడు. ఫిలడెల్ఫియాలో ఒక పళ్ళ డాక్టరు నొప్పి తెలియకుండా దవడపన్ను పీకినందుకు ఒక నల్లమచ్చ ఆయన పేర శాశ్వతమైంది. నలభై వేల ముక్కలు అంటించిన మనిషికి మాత్రం ఏమీ రాలేదు.

ఎనిమిదో సంపుటం అప్పుడు ఒకే ఒక్కసారి డోర్కస్ అడిగింది.

“ఏమండీ, నా పేరు ఒకదానికి పెట్టకూడదా?”

“ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టుకుంటే లోకం నవ్వదూ?” అన్నాడాయన.

లోకమంటే నలభైమంది చందాదార్లు. అందులో సగంమంది ఆ సంపుటాల కట్టు కూడా విప్పలేదని తర్వాత తెలిసింది.

ఆవిడ మళ్ళీ అడగలేదు గానీ, ఆ కోరిక మాత్రం పోలేదు. పిల్లల్లేరు. చర్చి వెనక వాళ్ళమ్మ సమాధి రాయి మీద ‘ఏబెల్ సోమర్స్ భార్య’ అని ఉంది, అంతే. అమ్మ పేరు పేషెన్స్ అని ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. రేపు తన రాయి మీద కూడా ‘ఎరాస్టస్ లీమింగ్ భార్య’ అని చెక్కుతారని డోర్కస్‌కి తెలుసు. ఎక్కడో ఒకచోట, ఒక కాగితం ముక్క మీదైనా, ఎవరి భార్యా కాకుండా తన పేరు తనకి ఉండాలని ఆవిడకి ఉండేది. అది పెద్ద ఆశేమీ కాదు. పళ్ళ డాక్టరుకి దొరికిందే తనకీ కావాలనుకుంది.

పదో సంపుటం పంపిన ఏడు, అక్టోబరులో, బురదమడుల్లో పండే ఎర్రటి పుల్ల పళ్ళు, క్రాన్‌బెర్రీలు, ఏరడానికి వెళ్ళి, కాలు జారి, పడిన పైన్ మాను పక్కన చతికిలబడింది. నడుం పట్టుకుని లేవబోతూ మాను అడుగువైపు చూసింది. ఆవగింజంత గిన్నెలు, వరసగా, నీలంగా, అంచున తెల్లటి నూగుతో. నలభై వేల ముక్కలు చూసిన కళ్ళు అవి. ఇలాంటిది అంతకుముందు చూడలేదని ఆవిడకి చూడగానే తెలిసింది. బెర్రీల బుట్ట అక్కడే వదిలేసి, అవి ఉన్న బెరడు ఒలిచి ఒడిలో పట్టుకుని ఇంటికొచ్చింది.

ఎరాస్టస్ భూతద్దం పెట్టి చూశాడు. పుస్తకాలు తిరగేశాడు. నిజం చెప్పాలి, ఆ సాయంత్రం ఆయన నిజంగానే కదిలిపోయాడు.

“డోర్కస్, ఇది ఎవరూ చూడనిదే. పెజిజాల్లో ఇంత అందమైనది నేనెరగను.” ఆ రోజుల్లో గిన్నెలా ఉన్న ప్రతిదానికీ పెజిజా అనే ఇంటిపేరు తగిలించేవారు. “దీనికి నీ పేరే పెడతాను. పెజిజా డోర్కస్. సరేనా?”

ఆవిడ సరేనని తలూపి, మొక్కజొన్న జావ కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. కళ్ళు తుడుచుకున్నది ఆయన చూడకూడదని.

ఆ మాట మూడు నెలలు నిలబడింది. ఎరాస్టస్ మాటకి అది చాలా దీర్ఘాయుష్షు.

జనవరిలో ప్రొఫెసర్ వాన్ హూటన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బూజుల లోకానికి ఆయనే సుప్రీంకోర్టు. ఏది కొత్తదో, ఏది పాతదో ఆయన చెప్తే ఇక తిరుగులేదు. పండితుల సంఘంలో ఒక గౌరవ సభ్యత్వం ఖాళీ అయిందనీ, లీమింగ్ పేరు తన మనసులో ఉందనీ, వేసవిలో వచ్చి పదకొండో సంపుటం కళ్ళారా చూస్తాననీ రాశాడు. ఉత్తరం చివర, తన పేరుతో ఇప్పటివరకు ఏ అందమైన జాతీ లేకపోవడం విచిత్రమే అని కూడా రాశాడు. ఊరికే, మాటవరసకి.

భోజనాల దగ్గర ఎరాస్టస్ గొంతు సవరించుకున్నాడు.

“డోర్కస్, ఆ నీలం గిన్నె ఉందే. దాన్ని ప్రొఫెసరుగారి పేర పెడదామనుకుంటున్నాను.”

ఆవిడ చిక్కుళ్ళు వడ్డిస్తున్న గరిట ఆగింది. “అది నాకని అన్నారుగా.”

“అన్నాను. కాదన్నానా? నీకు ఇంకోటి ఉంచాను. నేను స్వయంగా సేకరించాను.” స్వయంగా అంటే, పెరట్లో గుర్రపుసాల వెనక్కి ఏదో పనిమీద వెళ్ళినప్పుడు కనబడింది. “గుర్రపు లద్ది మీద మొలిచింది. చిన్న నారింజరంగు గిన్నె. అదీ పెజిజాయే. రెండూ పక్కపక్కనే పెడుతున్నాను, ఆయనది వెయ్యిన్నీ నలభై ఏడు, నీది నలభై ఎనిమిది. ఎంత గౌరవమో చూడు.”

లద్ది మీది బూజు. డోర్కస్ గరిట గిన్నెలో పడేసింది. అయినా ఆ నారింజ గిన్నెల పొట్లం విప్పి వెలుతురులో పెట్టి చూసింది. చూసిన కొద్దీ ఎక్కడో తగిలింది.

“ఏమండీ, ఇది కొత్తది కాదు. ఇది మనం ఇదివరకే అంటించాం. నాలుగో సంపుటంలో.”

ఎరాస్టస్ జాలిగా నవ్వాడు. ఆ నవ్వు ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

“పిచ్చిదానా. నువ్వు అంటించేదానివి. చదివేదానివి కాదు. రూపం చూసి చెప్పడానికి ఇదేమన్నా బటాణీలనుకున్నావా?”

ఆవిడ గిన్నెలు కడిగి, నాలుగో సంపుటం దింపింది. మూడు వందల పన్నెండో నంబరు. పన్నెండేళ్ళ కిందట తన చేత్తో అంటించిన ముక్క, కొంచెం వెలిసింది గానీ అదే గిన్నె, అదే రంగు, అదే గుర్రపు లద్ది. చీటీ మీద స్వీడన్‌లో ఎవరో అరవై ఏళ్ళ కిందట పెట్టిన పేరు. పాత పేరున్నదానికి కొత్త పేరు పెడితే ఆ కొత్త పేరు చెల్లదు. ఎవరో ఒకరు చూసినరోజున కొట్టేస్తారు. అంటే మొగుడు తనకి ఇచ్చింది లద్ది మీది బూజే కాదు, పుట్టకముందే చచ్చిన పేరు. ఆ సంగతి ఆయనకి తెలిసి ఇచ్చినా బాగుండేది, మోసమైనా అనుకునేది. తెలియక ఇచ్చాడు. తన సొంత పుస్తకంలో ఏముందో తెలియని పండితుడు.

సంపుటం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన మొహం మీద పేపరు ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. ఒక నిమిషం నిలబడి చూసి, సంపుటాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది.

ఎరాస్టస్ చేతిరాత అచ్చాపీసులో ఎవరికీ అర్థం కాదు. అందుకని చీటీలకి కావలసిన జాబితా అంతా డోర్కస్ గుండ్రటి అక్షరాల్లో తిరగరాసేది, అచ్చయి వచ్చాక తప్పులూ ఆవిడే దిద్దేది. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. ఆ ఫిబ్రవరిలో పదకొండో సంపుటం జాబితా రాస్తూ నలభై ఏడు దగ్గర ఆగింది. ‘పైన్ మాను మీద, నీలం గిన్నెలు’ అని రాసి, పెజిజా అన్న మాట పక్కన డోర్కస్ అని రాసింది. ‘గుర్రపు లద్ది మీద, నారింజ గిన్నెలు’ అని రాసి, పెజిజా పక్కన వాన్ హూటన్ అని రాసింది. ఆవిడ జన్మలో ఒక గుడ్డు దొంగిలించిన మనిషి కాదు. కానీ రాసినదాన్ని గీత పెట్టి కొట్టెయ్యలేదు.

అచ్చాపీసు బట్రిక్ చీటీలు కట్టగట్టి ఇస్తూ అన్నాడు, “ఏమ్మా, ఈసారి నీ పేరు కూడా ఉందే. మీ ఆయనకి బుద్ధొచ్చిందా?”

“కాస్త ఆలస్యంగా వస్తుందిలే,” అంది డోర్కస్.

దొరికిపోతానని ఆవిడ భయపడింది. అనవసరంగా. కుట్టడం పూర్తయి సంపుటం చేతికి రాగానే ఎరాస్టస్ మొదటి పేజీ తెరిచాడు. తన పేరు చూసుకున్నాడు. అక్షరాలు ఇంకాస్త పెద్దవి వేయించాల్సింది అన్నాడు. మూసేశాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన తన సంపుటాలు చదివే విధానం అదే.

జూన్‌లో ప్రొఫెసర్ వాన్ హూటన్ పగటి రైల్లో దిగాడు. తెల్లటి గడ్డం, నిండైన బొజ్జ. డోర్కస్ చేసిన కోడి పులుసు రొట్టెతో రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు, చేసినవాళ్ళని పలకరించకుండానే. క్రాన్‌బెర్రీ మురబ్బా కూడా అయ్యాక, ముందుగదిలో కిటికీ పక్కన బల్ల మీద పదకొండో సంపుటం పెట్టారు. డోర్కస్ ఎంగిలి పళ్ళేలు తీస్తూ గుమ్మం దగ్గరే మసలింది.

ప్రొఫెసరు జేబులోంచి భూతద్దం తీశాడు.

“ఒక మాట చెప్తాను లీమింగ్. చీటీ చూసి చెప్పడం దద్దమ్మలు చేసే పని. నేను చీటీ మీద చెయ్యి పెట్టి మూసి, వస్తువు చూసి తీర్పు చెప్తాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్క తీర్పు కూడా వెనక్కి తీసుకోలేదు.”

“మీరు కాబట్టి, ప్రొఫెసరుగారూ,” అన్నాడు ఎరాస్టస్.

పేజీలు తిరిగాయి. చీటీల మీద లావాటి అరచెయ్యి, పైన భూతద్దం. ఇది ఫలానా, ఇది ఫలానా, ఇది ఎండిపోయింది, ఇది పర్వాలేదు. నలభై ఏడు దగ్గర చెయ్యి కదలకుండా ఆగింది. ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“ఇది ఎక్కడిది?”

“పైన్ మాను మీద దొరికిందండీ,” ఎరాస్టస్ మొహం చేటంతయింది. “మీకు నచ్చుతుందని నాకు తెలుసు.”

“నచ్చడమేమిటయ్యా. ఇది కొత్తది. నిక్కచ్చిగా కొత్తది. ఆ అంచు చూడు, ఆ నూగు చూడు. ఈ దేశంలో ఇరవై ఏళ్ళలో ఇంత మంచిది దొరకలేదు. నా మాట రాసిపెట్టుకో, ఇది నిలుస్తుంది.”

“చీటీ చూడండి, ప్రొఫెసరుగారూ. ఒక్కసారి చెయ్యి తీసి చూడండి.”

“తొందరెందుకు, చూస్తాను. పక్కది కూడా పెజిజాలాగే ఉందే.” రెండో అరచెయ్యి నలభై ఎనిమిదో చీటీ మీద పడింది. భూతద్దం వంగింది. ఆ వెంటనే గడ్డం చిరాగ్గా కదిలింది. “ఇదేమిటి లీమింగ్? ఇది స్వీడన్‌వాళ్ళ పాత సరుకు. ప్రతి గుర్రపుసాల వెనకా ఉంటుంది. దీన్ని కొత్తదని ఇచ్చావా? నీ నాలుగో సంపుటంలో నువ్వే ఇచ్చినట్టు గుర్తు నాకు. ఏ గాడిద పేరు పెట్టావు దీనికి?”

ఎరాస్టస్ చల్లగా నవ్వేశాడు. గుమ్మం వైపు ఒక చూపు చూసి, గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతు వంటింటి దాకా వినిపించింది.

“అది పట్టించుకోకండి. ఇంట్లో ఆడవాళ్ళు ముచ్చట పడితే పెట్టిన పేరు. ఆ బూజుకి ఆ పేరు చాలులెమ్మని పెట్టాను. కొట్టిపారెయ్యండి.”

డోర్కస్ పళ్ళేల దొంతర పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. పేరు మార్చి తప్పు చేశానేమోనని నాలుగు నెలలుగా లోపల ఏదో పీకుతూనే ఉంది. అది ఆ క్షణంలో ఆగిపోయింది.

“కొట్టేస్తున్నాను,” అంటూ ప్రొఫెసరు చెయ్యి తీశాడు. చీటీ చదివాడు. మళ్ళీ చదివాడు. చెవుల దగ్గర మొదలై బట్టతల దాకా ఎర్రబడ్డాడు.

“వాన్ హూటన్,” అన్నాడు మెల్లగా. “ఆ బూజుకి ఈ పేరు చాలా, లీమింగ్?”

ఎరాస్టస్ వంగి చూశాడు. చీటీని గోటితో గీకి చూశాడు. ప్రొఫెసరు మొదటి చెయ్యి కూడా తీసి, నలభై ఏడో చీటీ చదివాడు.

“ఈ డోర్కస్ ఎవరు?”

ఇంట్లో భోంచేసినవాడికి ఆ ఇంటావిడ పేరు తెలియదు.

“నేనేనండీ,” అంది గుమ్మంలోంచి.

“దీన్ని కనిపెట్టింది?”

“నేనే. కిందటి అక్టోబరులో, క్రాన్‌బెర్రీ మడి పక్కన.”

ప్రొఫెసరు ఆవిడ వైపు చూశాడు, తర్వాత గిన్నెల వైపు. ఆయనకి ఇద్దరి మీదా ఒళ్ళు మండుతోంది. కానీ ముప్ఫై ఏళ్ళలో ఒక్క తీర్పూ వెనక్కి తీసుకోలేదని పది నిమిషాల కిందటే చెప్పుకున్నాడు. పెద్దమనుషులకి ఇదొక ఇబ్బంది, గొప్పలు చెప్పుకున్నాక వాటికి కట్టుబడాలి. జేబు పుస్తకం తీసి, నలభై ఎనిమిది కొట్టేసి, నలభై ఏడు పక్కన ‘నిలుస్తుంది’ అని రాసుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. గౌరవ సభ్యత్వం మాట ఎత్తకుండానే మూడు గంటల రైలుకి వెళ్ళిపోయాడు.

ఎరాస్టస్ సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. డోర్కస్ పళ్ళేలు కడిగి, తుడిచి, అరలో పెట్టి వచ్చింది.

“నువ్వే మార్చావా?” అన్నాడు చివరికి.

“నేనే.”

“నన్ను నాశనం చేశావు డోర్కస్. ఆ లద్దిది పాతదని నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పాను.”

“ఎప్పుడు?”

ఆవిడ బీరువాలోంచి నాలుగో సంపుటం తీసి, మూడు వందల పన్నెండు తెరిచి, ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. చూస్తుండగా, చిక్కుళ్ళు తింటూ తనేమన్నాడో గుర్తొచ్చినట్టుంది, మొహం తిప్పుకున్నాడు.

పొయ్యి మీద జిగురు ఉడుకుతోంది. పన్నెండో సంపుటానికి మొదటి పది రకాలూ ఎండి సిద్ధంగా ఉన్నాయి. డోర్కస్ గిన్నె దింపి తెచ్చి బల్ల మీద పెట్టి, కుంచె ఆయన చేతికిచ్చి, భూతద్దం తను తీసుకుంది.

“ఇక మీరు అంటించండి,” అంది. “నేను చదువుతాను.”

పన్నెండో సంపుటం చూసినవాళ్ళు, బొమ్మల్లా అంటించే ఇంట్లో ఇలా వంకరటింకరగా అంటించిందెవరా అనుకుంటారు. పేర్లలో మాత్రం ఒక్క తప్పు లేదు.